ఆర్కైవ్స్ అధ్యయనంలో పీహెచ్‌డీ: పని చేస్తూ చదవాలనుకుంటున్న ఒకరికి సమాధానం

తరువాత చదివేవారికి సందర్భం తెలియడం కోసం ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు ఆర్కైవ్స్‌లో మాస్టర్స్ డిగ్రీ చేసి, పదేళ్లకు పైగా ఒక సంస్థ రికార్డు విభాగంలో పని చేస్తున్నారు. పీహెచ్‌డీ చేయాలని చరిత్ర శాఖను అడిగితే లైబ్రరీ సైన్సు వారిని కలవమన్నారు, వారు మళ్లీ చరిత్ర శాఖకే దారి చూపించారు. ఇది అసలు వేరే శాస్త్రమేనా, ఇందులో పీహెచ్‌డీ స్థాయి పరిశోధన అంటే ఏమిటి, అంశాన్ని ఎలా ఎంచుకోవాలి, చుట్టూ ఇదే పని చేసేవారు ఒక్కరూ లేనప్పుడు అన్నేళ్లు ఎలా నెట్టుకురావాలి అన్నవి మీ సందేహాలు. మీ కార్యాలయంలో ఈమెయిళ్లను పాత వ్యవస్థ నుంచి కొత్త వ్యవస్థకు మార్చినప్పుడు తేదీలు తారుమారయ్యాయని, అది అంశంగా పనికొస్తుందా అని కూడా అడిగారు. నేను చాలాకాలం రికార్డు గదుల్లో పని చేసి, తరువాత పాఠాలు చెప్పి, పరిశోధక విద్యార్థులకు గైడ్‌గానూ సిద్ధాంత గ్రంథాలకు పరీక్షకుడిగానూ ఉన్నవాణ్ణి. కొన్నిచోట్ల నా అభిప్రాయం ఘాటుగా అనిపిస్తే మన్నించండి.

రెండు శాఖలూ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పడంలో వారి తప్పు పెద్దగా లేదు. ఈ విద్య పెరిగిన తీరే అలాంటిది. ఒక పాత శాసనపత్రం అసలైనదా, కూటరచనా అన్న వివాదం నుంచి ఇది పుట్టింది. 1675లో పాపెబ్రోక్ అనే జెసూయిట్ పండితుడు బెనెడిక్టిన్ క్రైస్తవ మఠాల పాత దానపత్రాల ప్రామాణికతను అనుమానించాడు. దానికి జవాబుగా ఆ మఠానికి చెందిన జాఁ మబియోఁ 1681లో, పత్రం లిపి, ముద్ర, భాషా శైలి, సంతకాల పద్ధతి వంటివి చూసి నిజానిజాలు తేల్చే పద్ధతిని గ్రంథంగా రాశాడు. దాన్నే ఇప్పుడు డిప్లొమాటిక్స్ అంటున్నాం. పారిస్‌లో 1821లో ఎకోల్ దే షార్త్ ఏర్పడి, పాత పత్రాలను చదివి సంరక్షించగలిగేవారికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. 1898లో ముల్లర్, ఫేత్, ఫ్రౌయిన్ అనే ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు నూరు సూత్రాలతో ఒక కరదీపిక ప్రచురించారు. ఒక కార్యాలయం పత్రాలను మరో కార్యాలయం పత్రాలతో కలపకూడదని, ఆ కార్యాలయం పెట్టుకున్న వరుసను చెదరగొట్టకూడదని చెప్పే రెండు మూల సూత్రాలు అందులో స్థిరపడ్డాయి. ఇంగ్లండులో 1922లో హిలరీ జెంకిన్సన్, అమెరికాలో 1956లో షెల్లెన్‌బర్గ్ తమ తమ పుస్తకాలు రాశారు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చడం ఆర్కైవిస్టు పని కాదని మొదటాయన అంటే, రాశి విపరీతంగా పెరిగిన కాలంలో ఆ పని చేయక తప్పదని రెండో ఆయన వాదించాడు.

ఈ వరుసలో ఒక విషయం గమనించండి. వీరిలో ఎక్కువమంది పని చేస్తూ, పని చేసేవారి కోసం రాసినవారు. విశ్వవిద్యాలయంలో కూర్చుని ఈ విషయాన్నే పరిశోధించే వర్గం చాలా ఆలస్యంగా వచ్చింది. ఆర్కైవ్స్‌ను చరిత్రకు సహాయక విద్యగానో, గ్రంథాలయ విద్యలో ఒక పేపరుగానో చూసినంతకాలం దానికి సొంత డాక్టరేటు అవసరమని ఎవరికీ తోచలేదు. ఉత్తర అమెరికాలో పూర్తిగా ఆర్కైవ్స్‌కే కేటాయించిన మాస్టర్స్ కోర్సును బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 1981లో మొదలుపెట్టిందంటే, పీహెచ్‌డీ సంప్రదాయం ఎంత చిన్న వయసుదో ఊహించుకోవచ్చు. ఇప్పుడైనా చాలాచోట్ల ఇది సమాచార శాస్త్రం లేదా చరిత్ర శాఖ కిందే నడుస్తుంది. కాబట్టి డిగ్రీ మీద ఏ శాఖ పేరు ఉంటుందన్న బెంగ పెట్టుకోకండి. మీ ప్రశ్న ఆర్కైవ్స్ ప్రశ్న అయితే చాలు.

ఏది ఆర్కైవ్స్ ప్రశ్న అన్నదే అసలు చిక్కు. దాన్ని నా సొంత తప్పుతోనే వివరిస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నాడాతో కట్టిన ఒక ఫైళ్ల కట్ట అప్పగించారు. లోపల ఉత్తరాలు తేదీల వరుసలో లేవు. నేను తుప్పు పట్టిన గుండుసూదులు తీసి, కాగితాలన్నీ ఉత్తరం మీది తేదీ ప్రకారం సర్ది, కొత్త అట్టలో పెట్టి, మంచి పని చేశానని మురిసిపోయాను. కొన్నాళ్లకు మా పెద్దాయన ఒకరు ఆ కట్ట తెరిచి, ఒక ఉత్తరం పైకెత్తి, “ఇది మొదట దేని కింద ఉండేది?” అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఆ ఉత్తరం రాసిన తేదీ నెలలో మూడో తారీఖు. అధికారి ఉత్తర్వు ఇచ్చింది తొమ్మిదో తారీఖున. ఉత్తరం మూలన వెలిసిపోయిన ఊదా రంగు ముద్రలో అది కార్యాలయానికి చేరిన తేదీ పన్నెండు అని ఉంది. గుమస్తా దాన్ని ఉత్తర్వు తరువాత చేర్చి ఉంటాడు, ఎందుకంటే అది అప్పుడే వచ్చింది. నేను సర్దిన వరుసలో అది ఉత్తర్వుకు ముందు పడింది. దానితో, ఆ విజ్ఞప్తిని చదివి కూడా అధికారి పట్టించుకోలేదన్న అర్థం వచ్చేసింది. పత్రంలో ఒక్క అక్షరం మారలేదు. సాక్ష్యం మాత్రం తలకిందులైంది.

ఆ కట్టను చరిత్రకారుడు చూస్తే, ఆ అధికారి ఎందుకలా నిర్ణయించాడని అడుగుతాడు. ఆర్కైవ్స్ పరిశోధకుడు అడిగేది వేరు: అధికారికి ఏం తెలుసో మనకు తెలియడానికి పత్రాల వరుస, ముద్రలు, వచ్చిన ఉత్తరాలు నమోదు చేసే ఆవక రిజిస్టరు ఏ విధంగా తోడ్పడుతున్నాయి, నాలాంటివారు ‘శుభ్రం’ చేసిన కట్టల్లో ఆ జాడ ఎంత పోయింది, పోయినట్టు ఎక్కడైనా రాసి ఉందా, రాయకపోతే చదివేవారు దేన్ని నమ్ముతున్నారు? మొదటివారికి పత్రం ఆధారం, రెండోవారికి పత్రమే విచారణాంశం. ఆర్కైవ్స్‌లో కూర్చుని చేసిన ప్రతి పరిశోధనా ఆర్కైవ్స్ పరిశోధన కాదని నేను విద్యార్థులతో విసుగు పుట్టేదాకా అంటూ ఉంటాను.

ఇంకా పెద్ద స్థాయిలో చూడండి. వలస పాలన ముగిసే సమయంలో బ్రిటన్ తన 37 పూర్వపు వలస ప్రాంతాల నుంచి తరలించిన ఫైళ్లు హాన్‌స్లోప్ పార్క్ అనే చోట దశాబ్దాలపాటు ఉండిపోయాయి. కెన్యాలో మావ్ మావ్ తిరుగుబాటు కాలంలో హింసకు గురైనవారు వేసిన దావా కారణంగా 2011లో ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ ఫైళ్లలో ఏముందన్నది చరిత్రకారుల వంతు. ఏ ఫైలును కొత్త ప్రభుత్వానికి అప్పగించాలి, దేన్ని తరలించాలి, దేన్ని కాల్చేయాలి అన్నది ఏ గుర్తుల ఆధారంగా, ఎవరి ఆదేశాలతో, ఏ జాబితాల్లో నమోదైంది, జాబితాలో కూడా లేని పత్రానికి పుట్టుమూలం (అది ఏ కార్యాలయంలో పుట్టిందన్నది) అంటే అర్థమేమిటి, అవి ఇప్పుడు ఎవరివి అన్నవి మన ప్రశ్నలు. డెన్మార్క్ 1917లో తన వెస్టిండీస్ దీవులను అమెరికాకు అమ్మినప్పుడు పత్రాల్లో అధిక భాగం కోపెన్‌హేగన్‌కు చేరాయి, అమెరికా చేతికొచ్చినవాటిలో చాలా భాగం వాషింగ్టన్‌కు చేరాయి. ఆ దీవుల్లో బానిసలుగా బతికినవారి వంశస్థులకు తమ గతం చూసుకోవడానికి సముద్రం దాటాల్సి వచ్చింది. అక్కడ లైబ్రేరియన్‌గా పని చేసిన జెనెట్ బాస్టియన్ ఆ అనుభవాన్నే పరిశోధనగా మలచి, 2003లో పుస్తకంగా తెచ్చారు. పత్రాన్ని రాసిన ప్రభుత్వమే కాదు, ఆ పత్రంలో పేరో సంఖ్యో అయి నమోదైన సమాజం కూడా దాని పుట్టుకలో భాగస్వామేనని ఆమె వాదించారు. 1898 నాటి సూత్రాన్ని ఒక వాస్తవ సమస్య ఎలా సాగదీసిందో చూడండి. మంచి సిద్ధాంత గ్రంథం ఇలాంటి పని చేస్తుంది.

పని గదిలోని తలనొప్పి నుంచే సిద్ధాంతం వచ్చిన ఉదాహరణ మరొకటి చెబుతాను, ఎందుకంటే మీలాంటి ఉద్యోగులకు అది ధైర్యాన్నిస్తుంది. ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వంలో శాఖలను విడదీయడం, కలపడం, పేర్లు మార్చడం నిత్యం జరిగేది. ఒకే రిజిస్టరును ఒక శాఖ మొదలుపెట్టి, మరో శాఖ కొనసాగించి, మూడో శాఖ ముగించేది. ఒక శాఖ పత్రాలన్నీ ఒకే గుంపుగా ఉండాలన్న నియమం ప్రకారం ఆ రిజిస్టరును ఎక్కడ పెట్టాలి? కాన్‌బెరాలోని ఆర్కైవ్స్ కార్యాలయంలో పని చేస్తున్న పీటర్ స్కాట్ 1966లో ఆ గుంపు పద్ధతినే వదిలేద్దామని రాశాడు. పత్రాల వరుసను అంటే సిరీస్‌ను విడిగా, శాఖలను విడిగా వివరించి, ఏ కాలంలో ఏ వరుస ఏ శాఖ చేతిలో ఉందో సంబంధాలుగా నమోదు చేస్తే చాలునన్నాడు. ఇది విన్నప్పుడు గుమస్తా సర్దుబాటులా ఉంటుంది. కానీ ఒక పత్రానికి ఒకే పుట్టుమూలం ఉండాలన్న నమ్మకాన్ని అది కదిలించింది. 1990లలో మోనాష్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ అప్‌వర్డ్ తదితరులు రూపొందించిన రికార్డ్స్ కంటిన్యుయం ఆలోచన, అంటే రికార్డు ఎప్పటికప్పుడు రూపు మారుతూ పోతుందన్న ఆలోచన, ఈ నేల మీదే మొలిచింది. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 2023లో మొదటి పూర్తి రూపం విడుదల చేసిన రికార్డ్స్ ఇన్ కాంటెక్స్ట్స్ వివరణ ప్రమాణంలోనూ, చెట్టు కొమ్మల్లాంటి పాత అమరిక స్థానంలో సంబంధాల వల కనబడుతుంది. ఆ వల నిజంగా చదువరికి ఉపయోగపడుతోందా, ఆర్కైవిస్టు పని భారాన్ని పెంచి ఊరుకుంటోందా అన్నది ఇప్పటికీ బాగా పరీక్షించాల్సిన విషయమే. అంశం కోసం వెతుకుతున్నవారు దీన్ని రాసిపెట్టుకోవచ్చు.

ఇక మీ ఈమెయిళ్ల సంగతి. అది తప్పకుండా అంశమవుతుంది. అయితే మీరు పంపిన శీర్షిక, “సంస్థల్లో డిజిటల్ రికార్డుల సంరక్షణ: సమస్యలు, సవాళ్లు, పరిష్కారాలు” అన్నది, నిర్మొహమాటంగా చెప్పాలంటే, పరిశోధన శీర్షిక కాదు. అది యాజమాన్యానికి సమర్పించే నివేదిక. నా దగ్గరకు వచ్చే ప్రతిపాదనల్లో ఈ రకానివి చాలా ఎక్కువ. ఉద్యోగులకు ఒక ప్రశ్నావళి పంచి, ‘నిధుల కొరత ఉంది’ అని ఎంతమంది అన్నారో రంగుల వృత్తాల్లో చూపించి, చివర శిక్షణ పెంచాలని సిఫారసు చేస్తారు. నిధుల కొరత ఉందని తెలుసుకోవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

అదే సమస్యను దగ్గరగా చూద్దాం. కొత్త వ్యవస్థలో ఒక ఫోల్డరు తెరిస్తే అన్ని ఉత్తరాలకూ ఒకే తేదీ కనబడుతోందని రాశారు. అది అవి పుట్టిన తేదీ కాదు, తరలించిన రాత్రి తేదీ. ప్రతి ఉత్తరం లోపలి శీర్ష భాగంలో పంపిన సమయం, మధ్యలో దాటిన సర్వర్ల సమయాలు ఇంకా మిగిలే ఉండవచ్చు. అంటే ఒకే ఉత్తరానికి ఇప్పుడు కనీసం మూడు తేదీలున్నాయి: రాసినవారి యంత్రం చెప్పేది, సర్వర్లు చెప్పేది, ఫైలు వ్యవస్థ చెప్పేది. నా పాత కట్టలోని ఒకే ఉత్తరానికి రాసిన మూడో తారీఖు, చేరిన పన్నెండో తారీఖు ఉన్నట్టే. వీటిలో ఏ తేదీని మీ సంస్థ తేదీగా పరిగణిస్తోంది? సమాచార హక్కు దరఖాస్తు వస్తేనో, దావా పడితేనో ఎవరు దేన్ని చూపిస్తారు? తరలించిన సాంకేతిక సిబ్బంది దృష్టిలో ‘ఏమీ పోలేదు’ అన్న మాటకు అర్థం, రికార్డు విభాగం దృష్టిలో ఆ మాటకు అర్థం ఒకటేనా? ఇక్కడ మీ ప్రశ్న ఇలా రూపు కట్టవచ్చు: వ్యవస్థ మార్పిడి సమయంలో రికార్డు ప్రామాణికత గురించిన నిర్ణయాలను వాస్తవంగా ఎవరు, ఏ అవగాహనతో తీసుకుంటారు, ఆ నిర్ణయాల జాడ రికార్డులో మిగులుతుందా?

లూసియానా డ్యురాంటీ నాయకత్వంలో 1999లో మొదలైన ఇంటర్‌పారెస్ అంతర్జాతీయ పరిశోధన ఈ చర్చకు గట్టి పునాది వేసింది. మబియోఁ కాలపు డిప్లొమాటిక్స్‌ను కంప్యూటరు రికార్డులకు వర్తింపజేసి చూసి, ఎలక్ట్రానిక్ రికార్డును ఉన్నది ఉన్నట్టు దాచలేమని, దాన్ని మళ్లీ మళ్లీ పునరుత్పత్తి చేయగల శక్తిని మాత్రమే దాచగలమని వారు తేల్చారు. ఆ మాటను ఒప్పుకుంటే, ప్రతి తరలింపూ ఒక కొత్త ప్రతిని తయారుచేయడమే. అలాంటప్పుడు తయారుచేసినవారి గురించి, తయారీ పద్ధతి గురించి రాసి ఉంచడం రికార్డులో భాగమవుతుంది. సాహిత్య సమీక్షను ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. అయితే ఆ ప్రాజెక్టు భావనలను దేవుడి మాటలుగా తీసుకోకండి. కంటిన్యుయం వర్గంవారు రికార్డును స్థిరమైన వస్తువుగా కాక ఎప్పటికప్పుడు రూపు మారుతూ పోయేదిగా చూస్తారు. ఆ రెండు చూపుల మధ్య ఉన్న రాపిడిలోనే మీ సమాచారానికి పని ఉంది.

పద్ధతి గురించి అడిగారు. ఆర్కైవ్స్ పరిశోధనకు ఒకే పద్ధతి అంటూ లేదు, అదే దాని బలం, అదే దాని బలహీనత. పత్రాన్ని దాని నిర్మాణాన్నిబట్టి విడదీసి చూసే డిప్లొమాటిక్స్ ఉంది. పనివారి మధ్య నెలల తరబడి కూర్చుని గమనించే పద్ధతి ఉంది. చదువరుల ప్రవర్తనను అధ్యయనం చేసేవారున్నారు. యేకెల్, టోరెస్ 2003లో అనుభవజ్ఞులైన ఆర్కైవ్స్ పాఠకులను ఇంటర్వ్యూలు చేసి, విషయ పరిజ్ఞానం ఒకటి, ఆర్కైవ్స్ ఎలా పని చేస్తాయో తెలిసిన తెలివి మరొకటి అని వేరుచేసి చూపారు. ఎంత గొప్ప పండితుడైనా వివరణ పట్టిక చదవడం రాక తికమకపడటం మనమంతా చూసిందే, వారు దానికి పరిశోధన రూపం ఇచ్చారు. కొలిచి చూసే పని కూడా తక్కువ విలువైనదేమీ కాదు. గ్రీన్, మైస్నర్ అనే ఇద్దరు 2005లో అమెరికా సంస్థల్లో సర్దకుండా పేరుకుపోయిన సేకరణలను అధ్యయనం చేసి, ప్రతి గుండుసూదీ తీస్తూ కూర్చోవడం వల్లే బకాయి పెరుగుతోందని, ఇరవయ్యో శతాబ్దపు సేకరణలను ఘనపు అడుగుకు సగటున 4 గంటల్లో సర్దవచ్చని వాదించారు. వృత్తిలో కొందరు మండిపడ్డారు, కొందరు ఊపిరి పీల్చుకున్నారు. (గుండుసూదులు తీసి చేయి కాల్చుకున్నవాణ్ణి కాబట్టి నేను రెండో వర్గం.) త్వరగా సర్ది తెరిచిన పెట్టెల్లో వ్యక్తిగత రహస్యాలు బయటపడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఆ తరువాత వచ్చింది, అది ఇంకా తేలలేదు.

మీరు ఒక్క పద్ధతిని క్షుణ్ణంగా నేర్చుకోండి, రెండో పద్ధతిని చదివి అర్థం చేసుకోగలిగేంత నేర్చుకోండి. మీ అంశానికైతే ఇంటర్వ్యూలు, తరలింపు ముందూ వెనకా ఉన్న మెటాడేటాను (ఉత్తరాల తేదీల వంటి వివరాలను) పక్కపక్కన పెట్టి పోల్చడం సరిపోతాయి. ఇంటర్వ్యూలు అనగానే తేలిక అనుకోకండి. తాను తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించుకుంటున్న ఉద్యోగి మాటలను ఎలా చదవాలో నేర్చుకోవడానికి మీకు ఒక ఏడాది పడుతుంది.

సొంత సంస్థనే అధ్యయనం చేయడంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని ముందే చెప్పడం నా బాధ్యత. మీకు తలుపులన్నీ తెరిచి ఉంటాయి, కానీ ఆ తలుపులు ఉద్యోగిగా తెరుచుకున్నవి, పరిశోధకుడిగా కాదు. అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఏ ఫోల్డర్లు చూస్తారు, వ్యక్తుల పేర్లు ఎలా తొలగిస్తారు, యాజమాన్యానికి ఇష్టంలేని ఫలితం వస్తే ప్రచురించే హక్కు ఎవరిది అన్న మూడూ అందులో ఉండాలి. నాకు తెలిసిన ఒక విద్యార్థికి నోటిమాట అనుమతి ఇచ్చిన అధికారి మూడో ఏట బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారు ససేమిరా అన్నారు. రెండు అధ్యాయాలు మళ్లీ వేరే సంస్థ సమాచారంతో రాయాల్సి వచ్చింది. వీలైతే మరో సంస్థను కూడా కలుపుకోండి, పోలికకూ పనికొస్తుంది, ఇలాంటి గండానికీ పనికొస్తుంది.

గైడ్ విషయంలో పేరు ప్రఖ్యాతులకన్నా, వారు పర్యవేక్షించిన గ్రంథాలను రెండు చదివి చూడండి. వాటిలో ఆర్కైవ్స్ భావనలతో వాదన ఉందా, లేక ఉపోద్ఘాతంలో నాలుగు పేర్లు ఉదహరించి వదిలేశారా అన్నది పది పేజీల్లో తెలిసిపోతుంది. మీ విశ్వవిద్యాలయంలో ఆర్కైవ్స్ తెలిసినవారు లేకపోతే, సమాచార శాస్త్రం నుంచి ఒకరిని ప్రధాన గైడ్‌గా, బయటి విశ్వవిద్యాలయం నుంచి ఆర్కైవ్స్ పరిశోధకులను సహ గైడ్‌గా కోరండి. పరీక్షకుల ఎంపికలో కూడా మీ గైడ్ జాగ్రత్తపడాలి. నేను కూర్చున్న ఒక మౌఖిక పరీక్షలో అభ్యర్థిని ఒక సంస్థ వర్గీకరణ పట్టిక మూడు దశాబ్దాల్లో ఎలా మారిందో చక్కగా వివరించింది. సహ పరీక్షకుడు అంతా విని, “బాగుంది, కానీ ఆ ఫైళ్లలో ఏముందో ఎందుకు చెప్పలేదు?” అని అడిగారు. ఆమె తడబడలేదు. ఫైళ్లలో ఏముందో వెతికేవారికి ఏది దొరకాలో ఏది దొరకకూడదో ఆ పట్టికే నిర్ణయిస్తోందని, తన గ్రంథం ఆ నిర్ణయం గురించని చెప్పింది. అలా చెప్పగలగడమే అర్హత, కానీ ప్రతి అభ్యర్థికీ ఆ నిబ్బరం ఉండదు.

ఒంటరితనం గురించి మీరు రాసిన రెండు వాక్యాలు నాకు బాగా అర్థమయ్యాయి. ఒక శాఖలో ఆర్కైవ్స్ మీద పని చేసే పరిశోధక విద్యార్థి ఒక్కరే ఉండటం దాదాపు ఎక్కడైనా మామూలే. పక్క గదిలో ఉన్నవారికి ప్రతిసారీ పుట్టుమూలం అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పుకోవాలి, దాంతో వాదన ముందుకు సాగదు. దీనికి ఈ రంగం కనుక్కున్న మందు, నా దృష్టిలో అన్ని సంస్కరణల్లోకీ మేలైనది, విద్యార్థులను విశ్వవిద్యాలయాల సరిహద్దులు దాటి కలపడం. అమెరికా ప్రభుత్వపు మ్యూజియం, లైబ్రరీ సేవల సంస్థ నిధులతో 2009లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్కైవల్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మొదటిసారి జరిగింది. దాన్ని ఏరీ అని పిలుస్తారు. ఆన్ గిల్లిలాండ్ దాని వెనక ప్రధాన వ్యక్తి. వేసవిలో ఒక వారంపాటు పరిశోధక విద్యార్థులు, అధ్యాపకులు ఒకేచోట ఉండి పూర్తికాని పనిని కూడా వినిపిస్తారు, పద్ధతుల మీద, బోధన మీద కార్యశాలలు జరుగుతాయి, తరువాతి ఏళ్లలో అది వేర్వేరు విశ్వవిద్యాలయాలకు తిరిగింది. అధ్యాపకులు కూడా తమ పచ్చి ఆలోచనలను విద్యార్థుల ముందు పెట్టాల్సి రావడం అందులో నాకు నచ్చే అంశం.

ఆ వేదిక నుంచి వచ్చిన ఒక ఆలోచన ప్రభావం పాఠ్య ప్రణాళికల మీద పడింది. 2011లో అక్కడి బృందం ఒకటి ‘ఆర్కైవల్ మల్టీవర్స్’ అన్న మాటతో ఒక వ్యాసం ప్రచురించింది. రికార్డు అంటే ప్రభుత్వ కార్యాలయపు కాగితమే అన్న ఒక్క సంప్రదాయం నుంచి పాఠాలన్నీ చెప్పడం చాలదని, మౌఖికంగా, ఆచారంగా, వస్తువుగా జ్ఞాపకాన్ని నిలుపుకునే సమాజాల పద్ధతులను కూడా సమాన స్థాయిలో చదవాలని దాని సారాంశం. దీన్ని నినాదంగా వాడేవారు ఎక్కువయ్యారని నాకు కొంచెం విసుగు ఉంది. అయితే మాటల దగ్గరే దీని అవసరం తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రికార్డు వేరు, ఆర్కైవ్ వేరు. ఫ్రెంచి చట్టం 1979 నుంచీ తేదీతో పని లేకుండా, పుట్టిన క్షణం నుంచే పత్రాలన్నిటినీ ఆర్కైవ్‌లుగానే నిర్వచిస్తోంది. మన తెలుగులో దస్త్రం పారసీక దఫ్తరు నుంచి వచ్చింది, రికార్డు ఇంగ్లీషు నుంచి వచ్చింది, అభిలేఖ పండితులు వాడేది. ఈ మూడూ ఒకే వస్తువును చూపించవు. ఒక భాషలో పుట్టిన సిద్ధాంతాన్ని మరో భాషలో బోధిస్తే ఏం జారిపోతుందన్నది తమాషాకు అంటున్నది కాదు, నిఖార్సైన పీహెచ్‌డీ అంశం.

అలాంటి సమావేశానికి వెళ్లడానికి అందరికీ డబ్బూ సెలవూ ఉండవు. చిన్న ఏర్పాటు మీరే చేసుకోవచ్చు. వేర్వేరు విశ్వవిద్యాలయాల నుంచి నలుగురు చాలు. నెలకు ఒకసారి వీడియోలో కలిసి, ఒకరి రాత ఇరవై పేజీలు మిగతా ముగ్గురు ముందుగా చదివి రావాలి. పొగడటానికి పది నిమిషాలు మించకూడదు. నా విద్యార్థుల్లో ఇద్దరు ఇలాంటి బృందం వల్లే గట్టెక్కారు, నా వల్ల కాదు.

మీ ప్రశ్నలో చివర ఒక మాట అడిగారు: విభాగాలు ఈ పరిశోధనను పెంచడానికి ఏం చేయాలి? నిధుల గురించి అందరూ చెబుతారు, నేను చెప్పను. ఉద్యోగంలో ఉన్నవారికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని రెండో తరగతి ప్రవేశంగా చూడటం మానాలి, ఎందుకంటే ఈ రంగంలో సమస్యలు పుట్టేది రికార్డు గదిలో. పరిశోధనకు సేకరించిన సమాచారాన్ని, ఇంటర్వ్యూ ప్రశ్నల పట్టికను, జవాబులను వర్గీకరించిన కోడింగు విధానాన్ని భద్రంగా దాచి ఇతరులకు ఇవ్వాలి. రికార్డుల సంరక్షణ మీద డాక్టరేటు పొందినవారి సొంత పరిశోధన రికార్డులు ఒక పాత ల్యాప్‌టాప్‌లో చనిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. సాంకేతిక శాఖలతో కలిసి పని చేయడం కూడా తప్పదు. చేతిరాతను చదివే ట్రాన్స్‌క్రిబస్ వంటి పరికరాలు వచ్చాక, యంత్రం చదవగలిగిన చేతిరాతలే ఇకమీదట వెతుకులాటలో దొరుకుతాయి, చదవలేనివి ఉన్నా లేనట్టే అవుతాయి. ఏ గుమస్తా రాత, ఏ భాష, ఏ కాలం అలా చీకట్లోకి జారుతోందో చూడాల్సింది మనమే. లక్షల ఈమెయిళ్లలో వ్యక్తిగత రహస్యం ఉన్నవాటిని యంత్రంతో వేరుచేయించే ప్రయత్నాలు కూడా ఇలాంటివే. యంత్రం పొరపాటు చేస్తే అది ఎవరి తప్పు అవుతుందన్న ప్రశ్న కంప్యూటరు ఇంజినీర్లకు అంత త్వరగా తట్టదు.

వయసు గురించిన మీ సంకోచానికి ఒక్క వాక్యం. నా దగ్గర మంచి గ్రంథాలు రాసినవారిలో ఎక్కువమంది నలభై దాటాక చేరినవారే, వారికి ఏ రిజిస్టరు అబద్ధం చెబుతుందో ముందే తెలుసు.

ఈ నెలలో మీరు చేయదగిన పని ఒకటుంది. తరలింపుకు ముందు తీసిన బ్యాకప్ ఇంకా ఉందేమో సాంకేతిక విభాగాన్ని అడగండి. చాలాచోట్ల కొంతకాలం తరువాత దాన్ని తుడిచేస్తారు, అది పోతే పోల్చడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. ఉంటే అనుమతితో అందులోంచి ఒక్క ఫోల్డరు తీసుకుని, ఇరవై ఉత్తరాలకు రెండు వ్యవస్థల్లోనూ కనబడే తేదీలన్నీ ఒక పట్టికలో రాయండి. పేర్లు తీసేసి, ఆ పట్టికను, దాని కింద మీకు తోచిన ప్రశ్నలను ఇక్కడే పెట్టండి. శీర్షిక సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.